ప్రజాభవనములలో విద్యుచ్ఛక్తి పొదుపు – లెక్కల అనుసంధానము



బడి, వైద్యశాల, గ్రంథాలయము, పంచాయతీ కార్యాలయము, మండల కచేరి – ఇవి యేయొక్కరి సొత్తును గావు, ఊరందఱి సొత్తు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదని మన పెద్దలు చెప్పిన సామెత యీ భవనములకు చక్కగా వర్తించును. ఇంటిలో పనిలేని దీపము వెలుగుచున్నచో చూచినవారే లేచి యార్పుదురు. ఏలయన, చూచువారును, ఆర్పగలవారును, రుసుము చెల్లించువారును అచ్చట నొక్కరే. ప్రజాభవనమున నట్లు గాదు. దీపము వెలుగుట చూచువాడు బంట్రోతు. మీటరు చదువువాడు విద్యుత్సంస్థ యుద్యోగి. బిల్లు చెల్లించునది దూరపు పట్టణమందలి యొక కార్యాలయము. గోడలు, కిటికీలు, తీగలు బాగుచేయించునది మఱియొక శాఖ. నలుగురికి నాలుగు ముక్కలు తెలియును; పూర్తి సంగతి యొక్కరికిని తెలియదు.

ఈ ముక్కల నొక్కచోట చేర్చి, ఒక శాఖవారి లెక్క మఱియొక శాఖవారి లెక్కతో మాటలాడునట్లు చేయు పద్ధతి యొకటి గడచిన యిరువదేండ్లలో లోకమున పెంపొందినది. ఆంగ్లమున దానిని లింక్డ్ డేటా యందురు. మనము అనుసంధిత సమాచార మనవచ్చును. దానివలన ప్రజాభవనములలో విద్యుచ్ఛక్తి యెట్లు పొదుపగునో, అది చేయలేని పని యేదియో, యథాశక్తిగ విన్నవించుటయే నేటి ప్రసంగవిషయము.

మొదట ఈ పొదుపునకు గల ప్రాధాన్యమును చెప్పెదను. ఐరోపా సమాఖ్య దేశములలో వాడబడు మొత్తము శక్తిలో నూటికి సుమారు 40 పాళ్లు కట్టడములలోనే వ్యయమగుచున్నది. ప్రభుత్వమే ముందు దారి చూపవలెనను తలంపుతో ఆ సమాఖ్యవారు 2012వ సంవత్సరమున నొక శాసనము చేసి, కేంద్రప్రభుత్వ భవనముల నేలవైశాల్యములో ఏటేట నూటికి 3 పాళ్లు చొప్పున శక్తి తక్కువ పట్టునట్లు బాగుచేయవలెనని విధించిరి. 2014వ సంవత్సరారంభమునుండి అది యమలులోనికి వచ్చెను. 2023లో దానిని సవరించి, ఆ నియమమును కేంద్రప్రభుత్వ భవనములతో నాపక సమస్త ప్రజాసంస్థల భవనములకును విస్తరింపజేసిరి. అంతియేగాక, ప్రజాసంస్థలన్నియు గలిసి 2021లో వాడిన శక్తితో పోల్చి యేటేట నూటికి 1.9 పాళ్లు తగ్గింపవలెనని గూడ నిర్ణయించిరి.

మన దేశమున 2001లో శక్తి పరిరక్షణ చట్టము పుట్టినది. దాని ననుసరించి 2002వ సంవత్సరము మార్చి 1వ తేదీన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ యను సంస్థ నెలకొనెను. మనము పంకాలమీదను, శీతలయంత్రములమీదను చూచు నక్షత్రముల ముద్ర వీరిదే. 2007లో పెద్ద కట్టడముల నిర్మాణమునకు శక్తి పరిరక్షణ నిబంధనావళి వెలువడినది. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దానిని మన రాష్ట్రమునకు తగినట్లు మార్చి యాజ్ఞ యొసగెను. అయితే యీ నిబంధనలు ముఖ్యముగా క్రొత్తగా కట్టెడు పెద్ద భవనములకు సంబంధించినవి. మన యూళ్లలో ఇదివఱకే యున్న బడులకును, చిన్న వైద్యశాలలకును కావలసినది వేఱు. అది యెట్టిదనగా, ఉన్న భవనము ఉన్నట్లుండగా శక్తి యెచ్చట కారిపోవుచున్నదో కనిపెట్టుట. కడవకు చిల్లి యెచ్చటనో తెలియనిదే మైనము పెట్టుట యెట్లు?

విద్యుత్తును యూనిట్లతో కొలుతురు. వెయ్యి వాట్ల పరికరము ఒక గంటసేపు నడిచినచో నొక యూనిట్టు ఖర్చగును. పాతకాలపు పంకా యొకటి సుమారు 75 వాట్లు తీసికొనును. ఇప్పుడు వచ్చుచున్న మేలురకపు పంకా దాదాపు 30 వాట్లతోనే యంత గాలి నిచ్చును. ఇరువది పంకాలు గల యొక బడిని తలంపుడు. పంకా యొకటికి 45 వాట్లు మిగులును. ఇరువదింటికి 900 వాట్లు. దినమునకు 6 గంటలు, ఏటికి 200 దినములు నడిచినచో 1,080 యూనిట్లు మిగులును. ఈ లెక్క మూడవ తరగతి బాలుడు గూడ చేయగలడు. ఇక కష్టమైన లెక్క యేదనగా, వందల బడులలో ముందుగా దేనికి క్రొత్త పంకాలు వేయవలెను? దేనికి పంకాలు బాగుగనే యుండి, తీగలో లోపము గలదు? దేనికి లోపమేమియు లేకయే బిల్లు పెరిగినది? ఉన్న ద్రవ్యము స్వల్పము. అది చేరవలసిన చోటికి చేరకున్నచో పొదుపను పేరుతో మఱియొక దుబారా యగును.

ఇందుల కొక దృష్టాంతము చెప్పెదను. ఒక బడికి ఏటికి 6,000 యూనిట్లు ఖర్చు, వేఱొక బడికి 3,000 యూనిట్లు ఖర్చు అనుకొందము. బిల్లులు మాత్రము చూచువాడు మొదటి బడివారిని మందలించును. తరువాత కొలతల పుస్తకము చూడగా మొదటిది 600 చదరపు మీటర్ల భవనమనియు, రెండవది 150 చదరపు మీటర్లే యనియు తేలినది. అప్పుడు చదరపు మీటరునకు మొదటిదానికి 10 యూనిట్లు, రెండవదానికి 20 యూనిట్లు పడుచున్నవి. తీర్పు తలక్రిందులైనది. ఇంతలో నొకరు వచ్చి, రెండవ బడి మీటరుమీదనే బోరుబావి మోటారు నడచుచున్నదనియు, దాని నీరు వీధిలోనివారందఱును పట్టుకొనుచున్నారనియు చెప్పిరి. తీర్పు మరల మారినది. ఆ బడిలో దుబారా లేదు. లెక్కలో కలగాపులగము గలదు. బిల్లు, కొలత, మోటారు అను మూడు సంగతులు మూడు పుస్తకములలో నున్నంతవఱకును నిర్దోషి శిక్షింపబడుచుండును, దోషి తప్పించుకొనుచుండును.

అట్లయినచో ఆ పుస్తకముల నొక్కచో పెట్టి చూచిన చాలదా యని మీ రడుగవచ్చును. చాలదు. ఒక్కొక్క శాఖవారు ఒక్కొక్క పేరుతో ఆ భవనమును పిలుచుచున్నారు. విద్యాశాఖవారికి ఆ బడి పదునొకండు అంకెల యు-డైస్ సంఖ్య. అందు మొదటి రెండంకెలు రాష్ట్రమును, పిమ్మటివి వరుసగా జిల్లాను, మండలమును, గ్రామమును, తుదివి బడిని తెలుపును. విద్యుత్సంస్థవారికి అదియే బడి యొక సర్వీసు నంబరు. దానిలో బడియను జాడయే యుండదు. పంచాయతీరాజ్ లెక్కలలో గ్రామమునకు వేఱొక సంకేతసంఖ్య. భూమి లెక్కలలో సర్వే నంబరు. 2021 మొదలుకొని క్రమముగా వచ్చుచున్న పదునాలుగు అక్షరముల భూసంఖ్య మఱియొకటి. ఇన్నింటియందును అది యొక్కటే బడియని ఆ యూరివాడు చెప్పగలడుగాని కంప్యూటరు చెప్పలేదు.

అమరకోశము చదివినవారి కీ చిక్కు క్రొత్త గాదు. ఒకే వస్తువునకు అనేక పర్యాయపదము లుండుట యొకటి; సూర్యునికి ఎన్ని పేరులు! ఒకే పదమునకు అనేకార్థము లుండుట మఱియొకటి. అందులకు అమరసింహుడు నానార్థవర్గమును ప్రత్యేకించి కూర్చెను. హరి యనినచో విష్ణువా, సింహమా, కోతియా, కప్పయా? సందర్భమునుబట్టి మనము గ్రహింతుము. కార్యాలయముల లెక్కలలో నీ రెండు దోషములును గలవు. ఒకే భవనమునకు నాలుగు పేరులు. "రూము 2" అను నొకే పేరు నూఱు భవనములలో. తరగతిలో నలుగురు సుబ్బారావు లున్నపుడు ఉపాధ్యాయుడు హాజరుపట్టీలోని సంఖ్యతో వారిని వేఱుపఱచునట్లే, లోకమునందలి ప్రతి వస్తువునకును సందేహమునకు తావులేని యొక పేరు కావలెను.

ఈ పని కుపాయము చెప్పినవారిలో ముఖ్యుడు టిమ్ బర్నర్స్-లీ యను ఆంగ్లేయుడు. స్విట్జర్లండులోని సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచు 1989లో వెబ్బునకు బీజము వేసినవా డితడే. 2006లో ఇతడు అనుసంధిత సమాచారమునకు నాలుగు నియమములను వ్రాసెను. మొదటిది – ప్రతి వస్తువునకును జగత్తున వేఱొక దానికి లేని పేరు పెట్టవలెను. రెండవది – ఆ పేరు ఇంటర్నెట్టులో వెదకిన దొరకునట్టి చిరునామాయై యుండవలెను. మూడవది – ఆ చిరునామాకు పోయినవారికి ఆ వస్తువును గూర్చిన సంగతులు అందఱు నొప్పుకొనిన రీతిలో లభింపవలెను. నాలుగవది – ఆ సంగతులలో దానికి సంబంధించిన యితర వస్తువుల పేరులును చేరియుండవలెను. అప్పుడు ఒకదానినుండి మఱియొకదానికి త్రోవ యేర్పడును.

ఆ సంగతులను వ్రాయు రీతి మిక్కిలి సులభమైనది. ప్రతి సంగతియు మూడు మాటల వాక్యము. వ్యాకరణము నేర్చినవారు కర్త, క్రియ, కర్మ యని తలంచుకొనవచ్చును. వెబ్బు ప్రమాణములను నిర్ణయించు సంఘమువారు 1999లో దీనిని ఆర్.డి.ఎఫ్. అను పేర స్థిరపఱచిరి. మన బడి సంగతి యందు నిట్లుండును: ఈ మీటరు కొలుచును ఈ బడిని. ఈ బడికి వైశాల్యము 150 చదరపు మీటర్లు. ఈ మీటరు కొలుచును ఈ మోటారును. ఈ బడి యున్నది ఈ గ్రామమున. ఈ గ్రామమునకు దగ్గఱిది ఈ వాతావరణ కేంద్రము. ఒక్కొక్క వాక్యమును ఒక్కొక్క శాఖవారు తమ తమ చోటనే వ్రాసికొనవచ్చును. పుస్తకముల నన్నిటిని ఒక గదిలోనికి మోసికొని రానక్కఱలేదు. పేరు లొక్కటియైనచో వాక్యములు వానియంతట నవియే గొలుసువలె ముడిపడును.

గొలుసు ముడిపడిన పిమ్మట ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నలు వేయుటకు స్పార్కల్ అను భాషను 2008లో ఆ సంఘమువారే యంగీకరించిరి. "ఈ మండలమున నీటిమోటారు లేని బడులలో చదరపు మీటరునకు ఎక్కువ యూనిట్లు వాడినవి యేవి?" అనునది యొక ప్రశ్న. "ఎండలు సమానముగా నుండియు, నిరుటికంటె ఈ యేడు బిల్లు పెరిగిన వైద్యశాలలు ఏవి?" అనునది మఱియొకటి. నాలుగు శాఖలకు లేఖలు వ్రాసి నెలలు వేచియున్నను దొరకని యుత్తరము క్షణములో దొరకును. తర్కమున అనుమానప్రమాణ మున్నట్లే ఇందును గలదు. పంకా గదిలో నున్నది, గది భవనములో నున్నది యని చెప్పినచో, పంకా భవనములో నున్నదని వేఱుగ చెప్పకున్నను యంత్రము గ్రహించును.

పేరులు కుదిరిన తరువాత సంబంధములను దెలుపు మాటలును కుదురవలెను. ఒకరు "కొలుచును" అని, ఒకరు "లెక్కించును" అని వ్రాసినచో మరల చిక్కే. కావున కట్టడముల కొఱకు ఉమ్మడి పదకోశములను కూర్చిరి. ఐరోపావారు గృహోపకరణములకై సారెఫ్ అను దానిని 2015లో ప్రమాణముగా ప్రకటించిరి. అమెరికాలోని విశ్వవిద్యాలయముల పండితులు, డెన్మార్కు విశ్వవిద్యాలయమువారును, ఐ.బి.యం. పరిశోధకులును గలిసి 2016లో బ్రిక్ అను దానిని వెలువరించిరి. బ్రిక్ అనగా ఇటుక. ఇటుకలు ఒకే కొలతలో నున్నగాని గోడ లేవదు గదా! దీని చరిత్ర కొంచెము విపులముగా చెప్పదగినది.

శీతలదేశములందలి పెద్ద విద్యాలయ భవనములలో నొక మూల పెద్ద యంత్రము గాలిని చల్లబఱచి గొట్టముల ద్వారా గదులకు పంపును. గది మఱీ చల్లనైనచో ఆ గదికి పోవు గాలిని వేడినీటి గొట్టముతో కొంచెము వెచ్చజేయుదురు. ఆ వేడినీటి కుళాయి సరిగా మూయక కారుచున్న దనుకొందము. ఒకవంక యంత్రము శక్తి వెచ్చించి గాలిని చల్లబఱచును. మఱియొకవంక వేడినీరు శక్తి వెచ్చించి దానిని వెచ్చజేయును. రెండు ఖర్చులును పడుచున్నవి. కాని గదిలో కూర్చున్నవారికి హాయిగనే యుండును. కావున నెవ్వరును ఫిర్యాదు చేయరు. ఇట్టి దుబారా యేండ్లతరబడి దాగియుండగలదు. గాలి గొట్టమునకు ముందొక తాపమాపకము, వెనుక నొక తాపమాపకము ఉన్నచో, కుళాయి మూసియుండగా రెండింటికిని తేడా వచ్చినపుడు దొంగ పట్టుబడును.

ఇంత సులభమైనచో ఏల పట్టుకొనరైరి? తాపమాపకములు వేలకొలది యుండును. వానికి పెట్టిన పేరులు అమర్చిన వ్యాపారసంస్థల యిష్టానుసారముగ నుండును. ఏది ముందుదో, ఏది వెనుకదో, ఏ గదిదో ఆ పేరునుబట్టి తెలియదు. ఒక భవనమునకు నెలలు కష్టపడి వ్రాసిన పరిశీలన విధానము ప్రక్క భవనమునకు పనికిరాదు. బ్రిక్ కర్తలు ఈ చిక్కును విప్పదలచి, అమెరికాలో నాలుగు, డెన్మార్కున నొకటి, ఐర్లండున నొకటి – మొత్తము 6 భవనములను తీసికొని, వానియందలి 17,700 కొలతస్థానములను ఉమ్మడి మాటలతో వర్ణించిరి. ఏ యంత్రము ఏ గదికి గాలి నంపునో, ఏ మాపకము ఏ గొట్టముపై నున్నదో వాక్యములుగ వ్రాసిరి. పిమ్మట శక్తిపొదుపునకు సంబంధించిన 8 పరిశీలన విధానములను ఆ భవనములమీద మార్పు లేకయే నడిపి చూపిరి. ఒకచోట పడిన శ్రమ మఱియొకచోటికి పనికివచ్చెను. అనుసంధానమువలన కలుగు లాభసారము ఇదియే.

ఇంత సూక్ష్మమైన మాపకములు లేనిచోట గూడ పేరు కుదిరినంత మాత్రమున మేలు గలదు. ఇంగ్లాండు, వేల్సు దేశములలో 2008 అక్టోబరునుండి వెయ్యి చదరపు మీటర్లకు మించి, ప్రజలు వచ్చిపోవు ప్రభుత్వ భవనముల ద్వారమున నొక ధ్రువపత్రమును వ్రేలాడదీయవలెనని విధించిరి. నిరుడు నిజముగ నెంత శక్తి వాడిరో, ఆ జాతి భవనములలో అది మేలో కీడో, ఏ మొదలు జీ వఱకు అక్షరములతో అందు దెలుపుదురు. పిమ్మట 2013లో 500 చదరపు మీటర్లకును, 2015లో 250 చదరపు మీటర్లకును నియమమును దించిరి. చదువు రానివాడు గూడ రంగుల గీతలు చూచి, మన గ్రంథాలయము పొదుపరియా దుబారాదా యని గ్రహింపగలడు. ఆ దేశమున ప్రతి చిరునామాకును పండ్రెండంకెలకు మించని యొక స్థిరసంఖ్య గలదు. 2020 జూలైలో దానిని ఎల్లరు నుచితముగ వాడుకొనుటకు విడిచిరి. శక్తి ధ్రువపత్రముల పట్టికలలోనికి ఆ సంఖ్య చేరినది. ఇక ధ్రువపత్రమును పటముతోను, భవనపు వయస్సుతోను, ఇతర లెక్కలతోను ముడివేయుట సుకరమైనది.

ఇంతవఱకు లాభములు చెప్పితిని. ఇక జాగ్రత్తలు చెప్పకున్నచో నా ధర్మము నెఱవేరదు.

మొదటిది – తక్కువ వాడుట యంతయు పొదుపు గాదు. పంకా లేక పిల్లలు చెమటలు గ్రక్కు బడి, దీపము లేక ప్రసూతి జరుగు వైద్యశాల లెక్కలలో మహా పొదుపరులుగ కనబడును. టీకామందులు చాలభాగము 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుండవలెను. ఆ పెట్టె రాత్రింబగళ్లు నడువవలసినదే. రాత్రివేళ విద్యుత్తు వాడుచున్నదని దాని నాపించినచో ప్రాణములకే ముప్పు. కావున యూనిట్ల ప్రక్కనే ఆ భవనమున జరిగిన సేవయు వ్రాయబడవలెను. పిల్ల లెందఱు, రోగు లెందఱు, ఎన్ని గంటలు తెఱచియున్నది అను వాక్యములు గొలుసులో లేనిచో గొలుసు మెడకు ఉరియగును.

రెండవది – తప్పు ముడి. ఒక సర్వీసు నంబరును పొరపాటున ప్రక్క బడికి ముడివేసినచో, ఒకరి దోషము మఱియొకరి నెత్తిన పడును. విడివిడి పుస్తకములలోని తప్పు ఆ పుస్తకముననే యుండును. ముడిపడిన లెక్కలలోని తప్పు అన్నింటికిని ప్రాకును. అందుచేత ముడివేయుటకు ముందు ఆ చోటి నెఱిగినవాడు మీటరుకడకు పోయి నంబరు కంటితో చూచి రావలెను. ఈ పనిని ఏ యంత్రమును చేయజాలదు.

మూడవది – మర్యాద. పావుగంటకొకమారు కొలుచు క్రొత్త మీటరు లెక్కనుబట్టి గదిలో మనుష్యు లున్నారో లేదో యూహింపవచ్చును. ఏ యుద్యోగి యెప్పుడు వచ్చెను, ఏ యింట నెవ్వరు లేరు అను సంగతులు పొదుపు నెపమున పదుగురికి తెలియరాదు. ప్రజాభవనముల నెలవారీ మొత్తములు బహిరంగముగ నుండుట న్యాయము. గంటగంట లెక్కలు బాగుచేయువారి చేతిలోనే యుండుట మేలు.

నాలుగవది – లెక్క తెలిసినంతమాత్రమున దీప మారదు. కారుచున్న కుళాయిని కంప్యూటరు చూపును. బిగించునది మనుష్యుని చేయి. చూపిన తప్పును ఎన్ని దినములలో నెవరు దిద్దవలెను, అందులకు ద్రవ్య మెవ్వరిత్తురు, దిద్దిన పిమ్మట మిగిలిన సొమ్ములో ఆ బడికి భాగ మేమి – ఈ మూడింటికి సమాధానము లేనిచో ఎంతటి యనుసంధానమైనను గోడమీది చిత్రపటమే. మిగిలిన సొమ్మంతయు పట్టణమునకే పోవునని తెలిసిన బంట్రోతు దీప మేల యార్పును?

మన యూళ్లలో నిది యంతయు సాధ్యమా యని మీరు సందేహింపవచ్చును. వేల మాపకములు మనకు వలదు. నాలుగు గదుల బడికి వానిని పెట్టినచో మాపకముల వెలకే పొదుపు చాలదు. మనకు కావలసినది ఆ పద్ధతికి మూలమైన మూడు మాటల వాక్యము మాత్రమే. దానికి నొక నోటుపుస్తకము చాలును. పంచాయతీ యధీనమునను, ఊరిలోనను గల ప్రతి ప్రజాభవనమునకు నొక్కొక్క పుట కేటాయింపుడు. పుట తలమీద భవనము పేరు, దాని సర్వీసు నంబరు, బడియైనచో యు-డైస్ సంఖ్య, భూమి సర్వే నంబరు వ్రాయింపుడు. ఈ యొక్క పంక్తియే నాలుగు శాఖలకును వంతెన. దాని క్రింద నేల వైశాల్యమును కొలిచి వ్రాయింపుడు. ఆ మీటరుమీద నడచునవన్నియు – పంకాలు, దీపములు, మోటారు, శీతలయంత్రము – వాట్లతో సహా వరుసగా పెట్టుడు. పిమ్మట నెలనెలకు యూనిట్లును, పనిచేసిన దినములును చేర్చుచు పోవుడు.

ఇట్లు వ్రాయబూనినపుడు క్రొత్త సంగతులు పయిబడును. పాడుపడిన గదికి సర్వీసు మిగిలి నెలనెలకు కనీస రుసుము చెల్లుచుండవచ్చును. వీధిదీపములు కార్యాలయపు మీటరుమీద నుండవచ్చును. మీటరు చెడి, నిజముగ చదువకయే సరాసరి వేసిన బిల్లులు వచ్చుచుండవచ్చును. వేసవి సెలవులలో మూసియున్న బడికి తెఱచిన నెలలతో సమానమైన యూనిట్లు వచ్చినచో తీగలోనో మీటరులోనో దోషము గలదని రూఢి. ఇందులో దేనిని పట్టుకొన్నను, ఆ నోటుపుస్తకమునకైన ఖర్చు మొదటి నెలలోనే తిరిగి వచ్చును.

రేపు ప్రభుత్వ శాఖలు తమ లెక్కలను అనుసంధింపబూనినపుడు, ఏ యూరి పుటలు సిద్ధముగ నున్నవో ఆ యూరికి మొదట న్యాయము జరుగును. పేరులు సరిగా లేని యూళ్లకు మాత్రము ఎవ్వరిదో మోటారు బరువు తమ బడి నెత్తిన మోయవలసి వచ్చును. మీటరు ఏ గోడమీద నున్నదో, మోటారు ఏ తీగమీద నడచుచున్నదో, ఏ గదిని ఎవ్వరు వాడుచున్నారో ఎఱిగినవారు పట్టణపు కార్యాలయములలో లేరు. ఊరి పెద్దలైన మీరే. కావున గ్రామసభలో నొకమారు ఈ పుటలను బిగ్గరగా చదివింపుడు. తప్పు లున్నచో విన్నవారే దిద్దుదురు. పొదుపైన ధనము పిల్లల బల్లలకును, రోగుల మంచములకును చేరునట్లు తీర్మానము చేయింపుడు.

ఉమ్మడి సొమ్మునకు ఉమ్మడి కన్ను కావలెను. ఆ కన్ను తెఱచుటకు తగిన సాధనము నేడు లభించినది. దానిని వాడుకొను పూనిక మీ యెల్లరకును కలుగుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.